బెల్టు అమ్మితే క్లాసు పెరగదు

(షోలాపూర్‌లో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక కరాటే ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఇరవై ఏళ్లకు పైగా నేను ఈ ఊరి తూర్పు భాగంలో కరాటే నేర్పుతున్నాను. "క్లాసును ఎట్లా పెంచారో మా పిల్లలకు చెప్పండి, సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుంది" అని ట్రస్టు పెద్దలు అడిగారు. ఎట్లా పెంచానో చెప్పాలంటే, ముందు ఎట్లా పాడు చేసుకున్నానో చెప్పాలి. అందులో సిగ్గుపడే విషయం కూడా ఒకటి ఉంది. అది దాచి మిగతాది చెబితే మీకు ఉపయోగం లేదు.

మా నాయన పవర్‌లూమ్ మీద టవల్స్ నేసేవాడు. మా అమ్మ బీడీలు చుట్టేది. నేను బీకాం చదివింది ఈ ట్రస్టు ఇచ్చిన డబ్బుతోనే. కరాటే మా స్కూల్లో ఉచితంగా నేర్పితే నేర్చుకున్నాను. డిగ్రీ అయ్యాక క్లాసు పెడతానంటే మా నాయన ఒకే మాట అడిగాడు: "కరాటే కూడు పెడతదా బిడ్డా?" ఆ ప్రశ్న తప్పు కాదు. మీ పిల్లలు ఏ పని ఎంచుకున్నా మీరు కూడా అడగండి. జవాబు చెప్పడం నేర్చుకోవలసింది పిల్లలే.

మొదటి ఏడాది లెక్క

2004 జూన్‌లో ఒక హాలు అద్దెకు తీసుకున్నాను. అద్దె నెలకు 2,500 రూపాయలు. మ్యాట్లకు, అడ్వాన్సుకు చిట్టీ పాడి 25,000 తెచ్చాను. పిల్లవాడికి నెల ఫీజు 100. చుట్టుపక్కల రెండు స్కూళ్లలో అనుమతి తీసుకొని ప్రదర్శన ఇచ్చాం. పెంకులు పగలగొట్టాం, ఎగిరి తన్నాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ నెలలో 70 మంది చేరారు. నెలకు 7,000 వస్తుందని మా అమ్మకు చీర కూడా కొన్నాను.

దసరా నాటికి 22 మంది మిగిలారు. అంటే 2,200 రూపాయలు. అద్దెకే మూడు వందలు తక్కువ.

నేనేం చేశాను? తప్పు ప్రచారంలో ఉందనుకున్నాను. 1,800 రూపాయలు ఖర్చు పెట్టి 3,000 కరపత్రాలు వేయించి పేపర్లలో పెట్టించి పంచాను. ఆరుగురు వచ్చారు. సంక్రాంతి దాకా నిలిచింది ఒక్కడు. ఆ ఒక్క పిల్లవాడిని తేవడానికి 1,800 అయింది. వాడి నెల ఫీజు 100. ఆ ఖర్చు తిరిగి రావడానికే పద్దెనిమిది నెలలు పడుతుంది. బీకాం చదివిన దాన్ని, ఈ చిన్న భాగహారం చేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఓటికుండలో ఎన్ని బిందెలు పోసినా ఏం లాభం? ముందు చిల్లి ఎక్కడుందో చూసుకోవాలి.

అప్పుడు ఒక నోటుబుక్కు తెరిచాను. ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ. ఎప్పుడు చేరింది, మా సంగతి ఎవరి ద్వారా తెలిసింది, ఏ రోజు మానేసింది, ఎందుకు. మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లాను. "మళ్లీ రండి" అని అడగలేదు. "ఎందుకు మానేశారో చెప్పండి" అని మాత్రమే అడిగాను. వాళ్లు చెప్పిందేదీ నేను ఊహించింది కాదు.

మగ్గం పనివాళ్లకు కూలి వారానికోసారి వస్తుంది. నేను ఒకటో తారీఖున నూరు రూపాయలు ఒక్కసారి అడిగేదాన్ని. చేతిలో లేక, అడిగించుకోలేక పిల్లను మాన్పించేశారు. వారానికి పాతిక చొప్పున తీసుకోవడం మొదలుపెట్టాను. అదే డబ్బు, కాని పిల్లలు నిలిచారు.

మన ఊళ్లో కొళాయి నీళ్లు రోజూ రావని మీకు తెలుసు. నీళ్లొచ్చే రోజు పెద్దపిల్లలు ఇంట్లో ఉండాలి. ఆలస్యంగా వస్తే నేను బయట నిలబెట్టి గుంజీలు తీయించేదాన్ని. రెండుసార్లు అవమానపడ్డ పిల్ల మూడోసారి రాదు. ఆ శిక్ష తీసేశాను.

ఒక అమ్మాయి ఇంట్లో యూనిఫాం ధర అడ్డమైంది. అప్పట్లో అది 450 రూపాయలు. వాళ్లమ్మ వేల కొద్దీ బీడీలు చుడితేగాని ఆ డబ్బు రాదు. అమ్మాయి "నాకు కరాటే ఇష్టం లేదు" అని చెప్పి మానేసింది. డబ్బు లేదని చెప్పడం కంటే ఇష్టం లేదని చెప్పడం పిల్లలకు సులువు. ఆ తర్వాత హాల్లో ఒక బీరువా పెట్టాం. పొట్టివైపోయిన యూనిఫాంలు ఉతికి అందులో పెడతారు. ఎవరికి సరిపోయింది వాళ్లు తీసుకుంటారు, ఎవరూ అడగరు. ఆ అమ్మాయి తిరిగి వచ్చింది. ఆ సంగతి చివర్లో మళ్లీ చెబుతాను.

పన్నెండు, పదమూడేళ్లు రాగానే ఆడపిల్లలను ఇంట్లోవాళ్లు మాన్పించేవారు. మీటింగు పెట్టి ఉపన్యాసం ఇస్తే వాళ్ల మనసు మారలేదు. ఆడపిల్లలకే వేరే బ్యాచ్ పెట్టి, చీకటి పడకముందే వదిలి, తల్లులు ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చని కుర్చీలు వేస్తే మారింది. ఒంట్లో బాగాలేని రోజు పిల్ల ఓ పక్కన కూర్చుంటే కారణం అడగకూడదని మా నియమం.

నేను సిగ్గుపడే విషయం

ఇప్పుడు బెల్టుల సంగతి చెప్పాలి. బెల్టు రంగులు ఏదో ప్రాచీన రహస్యం అని చాలామంది అనుకుంటారు. కాదు. జూడోను స్థాపించిన జిగొరో కానో 1880లలో నల్ల బెల్టు పద్ధతి తెచ్చారు. ఇన్ని రంగులు వచ్చింది తర్వాత, 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి అనే గురువు వల్ల బాగా వ్యాపించింది. దూరంగా ఉన్న గమ్యాన్ని చిన్న చిన్న మెట్లుగా చేసి చూపిస్తే నేర్చుకునేవాడికి ఉత్సాహం ఉంటుంది. అది మంచి ఉపాయమే. అయితే ప్రతి మెట్టుకూ పరీక్ష ఫీజు ఉంటుంది. నడిపేవాడికి డబ్బు అవసరమైనప్పుడు మెట్లు పెంచుకోవచ్చు. పరీక్ష తేలిక చేసుకోవచ్చు. ఈ ప్రమాదం మా వృత్తిలో ఎప్పుడూ ఉంది.

2006లో రెండు నెలల అద్దె బాకీ పడ్డాను. ఆ వేసవిలో 31 మందికి బెల్టు పరీక్ష పెట్టాను. ఒక్కొక్కరికి 250 ఫీజు. 31 మందినీ పాస్ చేశాను. న్యాయంగా చూస్తే అందులో తొమ్మిది మందికి ఆ బెల్టు రాకూడదు. వాళ్లను ఆపితే తల్లిదండ్రులు నొచ్చుకుంటారు, మానేస్తారు, వచ్చే పరీక్ష ఫీజు పోతుంది. ఇవన్నీ లెక్క వేసుకున్నాను. లెక్క బాగానే కుదిరింది. అద్దె కట్టాను.

ఆ తొమ్మిది మందిలో ఒక అబ్బాయి, పదమూడేళ్లవాడు, ఆ డిసెంబరులో పుణెలో పోటీకి వెళ్లాడు. బెల్టును బట్టి వాడిని తన కంటే బాగా నేర్చినవాళ్ల విభాగంలో వేశారు. అడ్డుకోవడం వాడికి సరిగా రాదు. అది నాకు తెలుసు. రెండో నిమిషంలో దెబ్బ తిని పడ్డాడు. భుజం మీద పడటంతో కాలర్ ఎముక విరిగింది. నెలన్నర కట్టు.

వాళ్ల నాయన మగ్గం కార్మికుడు. మరునాడు హాలుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఇంతే అన్నాడు: "వానికి వచ్చిందని మీరే రాసిచ్చిండ్రు గద మేడమ్. అందుకనే తోలిచ్చిన."

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆసుపత్రి ఖర్చు ఇవ్వబోతే సగమే తీసుకున్నాడు. పిల్లవాడు మళ్లీ క్లాసుకు రాలేదు.

ఆ వారమే తొమ్మిది ఇళ్లకూ వెళ్లి "మీ పిల్లకు ఆ బెల్టు ఇచ్చి ఉండకూడదు, తప్పు నాది" అని చెప్పి, 250 చొప్పున వెనక్కిచ్చాను. మళ్లీ నేర్పి, ఫీజు లేకుండా పరీక్ష పెడతానన్నాను. తొమ్మిది మందిలో నలుగురు మానేశారు. ఈ మాట బయటకు పాకి ఇంకో పదకొండు మంది వెళ్లిపోయారు. రెండేళ్లకే నల్ల బెల్టు ఇచ్చే క్లాసులు ఉన్నాయి కదా! 48 మంది ఉన్న క్లాసు 33కు దిగింది. హాలు వదిలేసి ఒక స్కూలు మేడ మీదికి మారాను.

మా నాయన అప్పుడు కూడా "కూడు పెడతదా?" అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "ఇప్పుడు సరిగ్గ నేస్తున్నవు" అన్నాడు.

మరి ఎట్లా పెరిగింది?

2007 జూన్‌లో నేను ఒక్క కరపత్రం కూడా వేయలేదు. 26 మంది కొత్తగా చేరారు. "ఎవరి ద్వారా తెలిసింది?" అనే గడిలో 19 మంది మా దగ్గర నేర్చుకుంటున్న పిల్లల బంధువులో, పక్కింటివాళ్లో అని రాశారు. ఒకామె నాతో చెప్పింది: "మీరు డబ్బులు వాపసిచ్చిండ్రంట కదా, అందుకే వచ్చినం." నన్ను కూల్చిందని నేను అనుకున్న పనే మరుసటి ఏడాది పిల్లల్ని తెచ్చింది. వెంటనే తేలేదు. మధ్యలో ఆరు నెలలు ట్యూషన్లు చెప్పి అద్దె కట్టాను. ఆ ఆరు నెలలు తట్టుకునే ఏర్పాటు లేకపోతే ఎంత నిజాయితీ ఉన్నా క్లాసు మూతపడేది. అందుకే సొంతంగా ఏదైనా పెట్టేవాళ్లు కనీసం ఆరు నెలల అద్దె విడిగా దాచుకోండి.

ఈ విద్య చరిత్ర చదివితే పెద్దల అనుభవమూ ఇలాగే కనిపిస్తుంది. 1882లో కానో టోక్యోలో ఒక గుడిలో పన్నెండు చాపల గదిలో జూడో మొదలుపెట్టినప్పుడు శిష్యులు తొమ్మిది మంది. ఆయన వయసు 21. ఒకినావాలో ఇతోసు అనే గురువు కరాటేను స్కూలు పిల్లల కోసం తేలిక పాఠాలుగా మార్చి, 1900ల మొదట్లో బడుల్లోకి తెచ్చారు. ఒకినావాలో బడిపంతులుగా పనిచేసిన ఫునాకోషి 1922లో టోక్యోకు వచ్చి ప్రదర్శన ఇచ్చి, అక్కడే ఉండిపోయారు. మొదటి రోజుల్లో విద్యార్థుల వసతి గృహంలో ఉంటూ అక్కడ ఊడ్చే పని కూడా చేశారు. 1924లో కియో విశ్వవిద్యాలయంలో కరాటే సంఘం ఏర్పడింది. అక్కడ నేర్చిన విద్యార్థులు దాన్ని ముందుకు తీసుకుపోయారు. ఆ ప్రదర్శన తలుపు తెరిచింది. లోపల నిలబెట్టింది మాత్రం రోజూ నేర్పిన పాఠమే.

మన తెలుగువారిలో కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం ప్రాంతం వీరఘట్టంలో పుట్టారు. సర్కస్ కంపెనీ పెట్టి తన బలాన్ని ఊరూరా చూపించారు. చివరి రోజులు ఒడిశాలో గడిపారు. గొలుసులు తెంచడం చూడటానికి జనం విరగబడి వచ్చేవారు. ప్రదర్శనకు ఆ శక్తి ఉంది, కాదనను. నేను కూడా రాఖీ పున్నం నాడు మార్కండేయ రథోత్సవంలో మా ఆడపిల్లలను యూనిఫాంలో నడిపిస్తాను. గణపతి ఊరేగింపులో లేజిమ్ ఆడే పిల్లలు మా దగ్గర కూడా ఉన్నారు. కాని ఇప్పుడు పెంకులు పగలగొట్టి చూపించం. రోజూ క్లాసులో ఏం చేస్తామో అదే చూపిస్తాం. చూసి చేరిన పిల్లకు మొదటి రోజు క్లాసు కొత్తగా అనిపించకూడదు.

అందరికీ పనికొచ్చే నాలుగు ముక్కలు చెబుతాను.

మొదటిది, వారం రోజులు ఉచితంగా రానిస్తాం. పిల్ల ఇష్టపడితేనే ఫీజు.

రెండోది, మూడు క్లాసులు వరుసగా రాని పిల్ల ఇంటికి ఫోను చేస్తాం. ఫీజు కోసం కాదు, క్షేమం కనుక్కోవడానికి. మొదటి మూడు నెలలు దాటిన పిల్ల చాలావరకు నిలుస్తుంది. కాబట్టి మా శ్రద్ధంతా ఆ మూడు నెలల మీదే.

మూడోది, ఉచితంగా నేర్పేవాళ్ల సంఖ్య ముందే నిర్ణయించుకున్నాం. ఇరవై మందికి ఇద్దరు. జాలి పడి అందరికీ ఉచితమంటే అద్దె కట్టలేం. ఎవరికీ కాదంటే మా అమ్మ లాంటి తల్లుల పిల్లలు రాలేరు. ఆ ఇద్దరెవరో నాకూ వాళ్లకూ తప్ప తెలియదు.

నాలుగోది, నేర్పే మనిషి తయారు కాకుండా రెండో శాఖ తెరవకూడదు. ఒక్కరు ఇరవై, ఇరవై అయిదు మందిని మించి చూడలేరు. 2009లోనే రెండో చోట హాలు దొరికింది. ఆశపడ్డాను, ఆగాను. 2012లో తెరిచాను. అప్పటికి నేర్పగలిగిన ఇద్దరు అమ్మాయిలు సిద్ధమయ్యారు.

ఇప్పుడు వాట్సాప్ ఉంది, గూగుల్ మ్యాప్‌లో పేరు పెట్టుకోవడానికి ఖర్చు లేదు. రెండూ వాడండి. కాని తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పిల్లల ఫోటోలు ప్రచారానికి వాడకండి.

తల్లిదండ్రులకు ఒక మాట

క్లాసులో చేర్చే ముందు ఇవి అడగండి. క్లాసు జరుగుతున్నప్పుడు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా? వద్దంటే వెనక్కి వచ్చేయండి. నెల ఫీజు గాక బెల్టుకు, యూనిఫాంకు, పోటీలకు ఏడాదికి మొత్తం ఎంత అవుతుంది? రాసివ్వమనండి. పరీక్షలో ఎప్పుడైనా ఎవరైనా ఫెయిల్ అయ్యారా? ఎవరూ కారంటే ఆలోచించండి. మా దగ్గర నల్ల బెల్టుకు ఐదేళ్లకు తక్కువ పట్టదు. దెబ్బ తగిలితే ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు ఉన్నారా? పోటీల్లో రక్షణ తొడుగులు వేస్తారా?

ఒలింపిక్స్‌కు పంపిస్తామని ఎవరైనా అంటే తొందరపడకండి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే ఉంది. 2024 పారిస్‌లో లేదు. 2028 లాస్ ఏంజెలిస్ జాబితాలోనూ లేదు. టైక్వాండో 2000 సిడ్నీ నుంచి, జూడో అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి. సర్టిఫికెట్‌తో మార్కులు, ఉద్యోగం వస్తాయంటే ఆ సర్టిఫికెట్ ఇచ్చే సంఘం ప్రభుత్వ నిబంధనల్లోకి వస్తుందో లేదో జిల్లా క్రీడాధికారి ఆఫీసులో ముందే అడగండి. నేర్పేవాళ్ల ప్రవర్తన మీద పిల్ల ఏదైనా చెబితే కొట్టిపారేయకండి. పిల్లల రక్షణకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. 1098కి ఫోను చేయవచ్చు. ఈ మాట ఒక క్లాసు నడిపేదాన్నై ఉండి చెబుతున్నాను.

పిల్లలూ, మీలో కొందరు రేపు ట్యూషన్ సెంటరు పెడతారు, కొందరు కుట్టు క్లాసు, కొందరు సంగీతం, కొందరు కంప్యూటరు క్లాసు పెడతారు. నేర్పడం ఏదైనా లెక్క ఒకటే. ఎంతమంది చేరారని కాదు, ఎంతమంది నిలిచారని రాసుకోండి. వెళ్లిపోయినవాళ్లను ఎందుకని అడగండి. రానిది వచ్చిందని ఎప్పుడూ రాసివ్వకండి.

యూనిఫాం కొనలేక "ఇష్టం లేదు" అని మానేసిన అమ్మాయి సంగతి చెబుతానన్నాను. ఆమె బీపీఎడ్ చదివింది. మా రెండో శాఖ 2012 నుంచి ఆమే చూస్తోంది. బీరువా తాళం ఆమె దగ్గరే ఉంటుంది.

క్లాసు వల్ల మా ఇల్లు నడుస్తోంది, పిల్లల చదువు నడుస్తోంది. కారు కొనలేదు, అప్పు లేదు. మా నాయన ప్రశ్నకు నేనిచ్చే జవాబు అదే. ఆ మగ్గం కార్మికుడి మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. దాన్ని నా నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. ప్రతి బెల్టు పరీక్ష రోజు పొద్దున అది చదివాకే హాల్లోకి వెళతాను. మొన్నటి పరీక్షలో 24 మందికి 17 మంది పాసయ్యారు. ఏడుగురు మళ్లీ మూడు నెలలు నేర్చుకుంటున్నారు. ఏడుగురూ క్లాసుకు వస్తున్నారు.